బ్యాండికూట్ పుట్టిల్లు

పద్మనగర్, భివండి
12 అక్టోబరు 1997

కనుకయ్య మామకు,

మేమంతా క్షేమం అని ఉత్తరం మొదలుపెట్టమని చిన్నప్పుడు నువ్వే నేర్పావు. ఈసారి ఆ వాక్యం రాయలేను. ఉత్తరం పుస్తకాల భాషలో ఉండాలని కూడా నువ్వే చెప్పావు. అదొక్కటి మాత్రం తప్పడం లేదు.

బాపు పని పోయింది. పని పోవడం మాకు కొత్త కాదు. కానీ ఈసారి దొంగ అన్న పేరుతో పోయింది.

ఇరవై రెండేళ్లు మగ్గాల మధ్య నిలబడి బాపు చెవులు మొద్దుబారాయని నీకు తెలుసు. అప్పుడు ఆగయ్య సేఠ్ జాలిపడి, అంజూర్ ఫాటా దగ్గర ఉన్న తన గోదాముకు వాచ్‌మన్‌గా పెట్టుకున్నాడు. మూడేళ్లుగా బాపు అక్కడే. ఆ గోదాములో గంజి పెట్టి రంగులద్దిన నూలు చుట్టలను, అంటే చిలపలను, గోనె బోరాల్లో కుక్కి, వరుస మీద వరుస పేరుస్తారు. వానాకాలమంతా వాటిని ఎవరూ కదిలించలేదు. దసరా ముందర దించి చూస్తే అడుగు వరుస బోరాలు డొల్లగా ఉన్నాయి. పైన గోనె బాగానే ఉంది. కింద కంత పడింది. లోపల చిలపలు లేవు.

బాపు చూసిన వెంటనే పందికొక్కుల పని అన్నాడు. ఇక్కడ వాటిని ఘూస్ అంటారు. ఆగయ్య సేఠ్ ఒంట్లో బాగాలేక ఏడాదిగా ఇల్లు కదలడం లేదు. వ్యవహారమంతా కొడుకు రమేశ్ సేఠ్‌దే. ఘూస్ ధాన్యం తింటుంది గానీ నూలు ఎత్తుకుపోతుందా అని ఆయన కొట్టిపారేశాడు.

తర్వాత బీమా కంపెనీ ఒక సర్వేయర్‌ను పంపింది. ఆయన టార్చిలైటు పట్టుకుని సగం రోజు గోడలవెంట తిరిగి, ఇంగ్లీషులో రెండు పేజీల రిపోర్టు రాశాడు. సరుకు పాడుచేసింది 'బ్యాండికూట్' అని అందులో ఉంది. రమేశ్ సేఠ్ జేబులో పట్టే డిక్షనరీ తెప్పించి ఆఫీసులో అందరి ముందు చదివాడు. బ్యాండికూట్ అంటే ఆస్ట్రేలియాలో ఉండే పొడుగు ముక్కు జంతువట, పిల్లల్ని పొట్టమీది సంచిలో మోస్తుందట.

"అంకుశం, నీ దొంగ ఆస్ట్రేలియాకెల్లి వచ్చిండా?" అని బాపును అడిగాడట. అందరూ నవ్వారట.

నవ్వి ఊరుకోలేదు. దొంగతనమైతే బీమా వస్తుంది, జంతువులు పాడుచేస్తే రాదు. అందుకని సర్వేయరూ వాచ్‌మనూ కలిసి ఆడిన నాటకమని కంపెనీకి రాశాడు. పోలీసు చౌకీలో బాపు పేరు ఇచ్చాడు. అప్పటినుంచి బాపు రోజూ పది గంటలకు వెళ్లి సాయంత్రం దాకా చౌకీ బెంచీ మీద కూర్చుంటున్నాడు. కొట్టడం లేదు. వదలడమూ లేదు.

సర్వేయర్‌నే అడుగుదామని నేను ఠాణేలోని బీమా ఆఫీసుకు వెళ్లాను. ఆయనకు నాగపూర్ బదిలీ అయిందన్నారు. మిగతావాళ్లు వాచ్‌మన్ కూతురితో మాట్లాడం అన్నారు. నా దగ్గరున్న చిన్న డిక్షనరీలోనూ ఆస్ట్రేలియా అనే ఉంది. కానీ గోదాములు చూడడమే పనిగా ఉన్న మనిషి ఇక్కడ లేని జంతువు పేరు ఎందుకు రాస్తాడు? ఆ మాటకు ఇంకో అర్థం ఉండి తీరాలి.

మీ లైబ్రరీలో అద్దాల బీరువాలో జానెడు మందం ఇంగ్లీషు డిక్షనరీ ఉంది కదా. సెలవుల్లో వచ్చినప్పుడు పుస్తకాల వెన్ను మీది బంగారు అక్షరాలు చదివి చూపించేవాడివి. అందులో ఈ మాట చూడు. అర్థమేంటో, ఎక్కడి నుంచి వచ్చిందో అంతా రాసి పంపు. అక్షరాలు విడిగా చీటీ మీద రాసి ఇందులో పెట్టాను.

నీకు రాయవద్దని అవ్వ అంది. తను నీ అక్కే, తన సంగతి నీకు తెలుసు. అయినా రాశాను.

నీ మేనకోడలు
లత

—

జమ్మికుంట
20 అక్టోబరు 1997

బిడ్డా లతా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. మా బావ సంగతి నాకు తెలియదా? ఊళ్లో ఉన్న రోజుల్లో దారిలో రాలిన మామిడికాయ కూడా చెట్టు గలవాళ్లను అడిగి తీసుకున్న మనిషి.

నువ్వు అడిగిన మాట సంగతి. ఆ బీరువా తాళంచెవి లైబ్రేరియన్ దగ్గర ఉంటుంది. ఆయన సెలవులో ఉన్నాడు. పైగా అది పాత పుస్తకం, చెదలు పట్టి ఉండవచ్చు. వీలు చూసుకుని చూస్తాను. అయినా బిడ్డా, ఒక్క మాటకు అర్థం తెలిస్తే చౌకీ వాళ్లు వదులుతారా? మంచి వకీలును పట్టుకోండి. లేకపోతే అక్కనూ బావనూ తీసుకుని ఇక్కడికి వచ్చేయండి. ఉన్నదేదో కలిసి తిందాం. పరాయి ఊళ్లో మాటపడుతూ ఉండడమెందుకు?

అక్క ఆరోగ్యం జాగ్రత్త.

మీ మామ
కనుకయ్య

—

పద్మనగర్, భివండి
27 అక్టోబరు 1997

మామా,

మేం రాము. భివండి దాటి పోకూడదని చౌకీలో చెప్పారు. చెప్పకపోయినా రాము. ఇప్పుడు కదిలితే దొంగ పారిపోయాడంటారు.

ఇక నీ ఉత్తరం. ఆ బీరువా తాళంచెవి నీ మొలతాడుకే ఉంటుంది. మూడు ఎండాకాలాలు దానితో నేను ఆడుకున్నాను. మీ లైబ్రేరియన్ వారానికి రెండు రోజులే వస్తాడని, మిగతా రోజులు అన్నీ చూసుకునేది నువ్వేనని నువ్వే గొప్పగా చెప్పేవాడివి. మరి తాళం గురించి నాతో ఎందుకలా రాశావు? బాపు మీద నీకూ అనుమానముంటే ఆ మాటే రాయి. తట్టుకుంటాను. అబద్ధం మాత్రం రాయకు.

ఇక్కడి సంగతి చెప్తాను. బెంచీ మీద పక్కన కూర్చున్నవాళ్లు దేనికొచ్చావని అడిగితే బాపు "పందికొక్కుల కేసు" అంటాడట. వాళ్లు నవ్వుతారట. బాపు మాత్రం అందులో నవ్వేదేముందో తెలియక వాళ్ల ముఖాలు చూస్తాడట. నేను కండెలు చుట్టే కార్ఖానా నుంచి సాయంత్రం బయటికి వచ్చేటప్పుడు ఇప్పుడు నా ఒక్కదాని టిఫిన్ డబ్బా తెరిచి చూస్తున్నారు. ఆరేళ్లుగా అక్కడ పనిచేస్తున్నాను. నిన్న మూత నేనే తీసి వాళ్ల ముందు పెట్టాను, వాళ్లు అడిగేదాకా ఆగలేదు.

వకీలు సంగతి తర్వాత. ముందు ఆ మాట కావాలి. అందరి ముందు నవ్వింది ఆ మాట చూసే కదా. అక్కడినుంచే మొదలుపెడతాను. నువ్వు చూడనంటే చెప్పు, ముంబైలో పెద్ద లైబ్రరీ ఎక్కడుందో కనుక్కుని నేనే వెళ్తాను.

లత

—

జమ్మికుంట
9 నవంబరు 1997

బిడ్డా లతా,

తాళంచెవి నా దగ్గరే ఉంది. నువ్వు చెప్పింది నిజం. బావ మీద నాకు అనుమానం లేదు. అసలు సంగతి రాయడానికి వారం రోజులు పట్టింది.

నాకు ఇంగ్లీషు రాదు. ఒక్క అక్షరం కూడా రాదు. నేను తెలుగులో ఏడో తరగతి చదివి అటెండరుగా చేరాను. పాత లైబ్రేరియన్ ఒక్కో పుస్తకం పేరు చెప్తుంటే అది ఏ అరలో ఎన్నోదో గుర్తుపెట్టుకున్నాను. ఎవరు అడిగినా తీసి ఇచ్చేవాడిని. చూసేవాళ్లు కనుకయ్యకు ఇంగ్లీషు వచ్చనుకున్నారు. నేను కాదనలేదు. నీకు తొమ్మిదేళ్లప్పుడు బంగారు అక్షరాల పుస్తకం ఒకటి చూపించి ఇది ప్రపంచ చరిత్ర అని చెప్పాను. అది గుర్రాల రోగాల పుస్తకమట. మొన్ననే తెలిసింది.

నీ రెండో ఉత్తరం వచ్చాక బీరువా తెరిచాను. నీ చీటీ పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం ఆకారం పోల్చి చూస్తూ పేజీలు తిప్పాను. నువ్వు పెద్దబడి అక్షరాలు రాశావు, లోపల చిన్నవి ఉన్నాయి. రెండూ ఒకటేనని తెలియడానికే ఒక మధ్యాహ్నం పోయింది. మూడో రోజు దొరికింది. అదేనో కాదో నమ్మకం కుదరలేదు. పుస్తకాన్ని గోనెసంచిలో చుట్టి, సైకిల్ వెనక కట్టుకుని నర్సింగం సార్ ఇంటికి పోయాను. ఆయన కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. నాకు ఇంగ్లీషు చదవడం రాదని ఆయనతో చెప్పాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"కనుకయ్యా, ఇది మన పందికొక్కే" అన్నాడు.

అక్కడ ఉన్నదిది. బ్యాండికూట్ అంటే మొదటి అర్థం మన దేశంలో ఉండే పెద్ద ఎలుక. ఆ మాట వచ్చింది తెలుగు నుంచి. పందికొక్కు, అంటే పంది ఎలుక అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంది. రెండో అర్థం ఆస్ట్రేలియా జంతువు. సార్ ఇంకా వివరంగా చెప్పాడు. పూర్వం మన సముద్రతీరంలో వ్యాపారానికి దిగిన తెల్లవాళ్లు గోదాముల్లో దీన్ని చూసి, మనవాళ్లు అనే మాటే పట్టుకున్నారు. వాళ్ల నోట అది బ్యాండికూట్ అయింది. ఆ తర్వాత ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లకు ఇలాంటి మూతి ఉన్న వేరే జంతువు కనబడితే దానికీ అదే పేరు తగిలించారు. ఆ జంతువుకూ దీనికీ చుట్టరికమే లేదట. చిన్న డిక్షనరీల్లో చోటు తక్కువ కాబట్టి రెండో అర్థమే మిగిలింది.

ఆ భాగమంతా దీనితో పంపుతున్నాను. అది నేను రాసిందనుకోకు. చూస్తూ గీశాను. ఒక్కో గీత సార్ సరిచూసి కింద సంతకం పెట్టాడు. లైబ్రరీ ముద్ర కూడా కొట్టాను. కొట్టే అధికారం నాకు లేదు. అయినా కొట్టాను.

నిన్ను ఇన్నేళ్లు మోసం చేశాను. కోపం ఉంటే ఉత్తరంలో రాయి.

మామ

—

పద్మనగర్, భివండి
17 నవంబరు 1997

మామా,

కోపం లేదు. నువ్వు గీసిన కాగితం ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అక్షరం ఎక్కడా తప్పలేదు.

నువ్వు దాచింది చెప్పావు కాబట్టి నేను దాచింది కూడా చెప్పాలి. బాపు ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఈ ఉత్తరంతో పోతుంది.

బోరాలు దించిన రోజే రమేశ్ సేఠ్ ఒక ఇంగ్లీషు కాగితం ముందు పెట్టి అంగూఠా, అంటే వేలిముద్ర, పెట్టమన్నాడు. బోరాలు దించినట్టు రాసుకున్నామన్నాడట. బాపు పెట్టాడు. అందులో నిజంగా ఉన్నది వేరే. గోదాము తలుపు నేనే తెరిచాను, సరుకు నా ఎదుటే బయటికి పోయింది, ఆ తప్పు నాది అని ఉంది. చౌకీలో చదివి చెప్పేదాకా బాపుకు ఆ సంగతి తెలియదు. చదువుకున్న బిడ్డ ఇంట్లో ఉండగా దానితో చదివించకుండా పెట్టానని బాపుకు సిగ్గు. నాలుగు రోజులు నా ముఖం చూడలేదు. కనుకయ్యకు మాత్రం తెలియనీయొద్దన్నాడు. నువ్వు లైబ్రరీలో ఉంటావు, పెద్ద చదువరివి అని బాపుకు నువ్వంటే భయంతో కూడిన గౌరవం.

నీ కాగితం తీసుకుని రమేశ్ సేఠ్ ఆఫీసుకు వెళ్లాను. చేతిలోకి కూడా తీసుకోలేదు. ఇలాంటి ముద్రలు బజారులో ఎన్నైనా చేయించవచ్చన్నాడు. ఇక మిగిలింది ఆగయ్య సేఠ్. మొదట్లో ఆయనా బాపూ ఒకే కార్ఖానాలో పక్కపక్క మగ్గాల మీద పనిచేశారు. ఆయనకు ఈ సంగతంతా ఎంతవరకు తెలుసో నాకు తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ల ఇంటికి వెళ్తాను. రమేశ్ సేఠ్ ఇంట్లో లేనప్పుడు వెళ్లమని అవ్వ అంటోంది. వద్దన్నాను. ఆయన ఉన్నప్పుడే వెళ్తాను. చాటుగా వెళ్తే దొంగ కూతురు దొంగలా వచ్చిందంటాడు.

లత

—

జమ్మికుంట
24 నవంబరు 1997

బిడ్డా,

వెళ్లు. ఈ ఆదివారం దాటిపోయి ఉంటే వచ్చే ఆదివారం వెళ్లు. కానీ ఒకటి ఆలోచించుకుని వెళ్లు. పేరు పందికొక్కుదే అని ఒప్పుకున్నాక, అది నూలు ఎత్తుకుపోయిందని రుజువేదీ అంటారు. దానికి జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. నా దగ్గర ఉంది.

మా చిన్నప్పుడు కోతలయ్యాక నేనూ మీ బాపూ పొలాల్లో పందికొక్కు కలుగులు తవ్వేవాళ్లం. ఒక్కో కలుగులో తట్టెడు వరికంకులు దొరికేవి. ఇంట్లో ఆ రోజు వంట వాటితోనే. పందికొక్కు తినేది కొంచెం, దాచేది ఎక్కువ. గంజి వాసన తగిలితే అది నూలా గుడ్డా అని చూడదు, లాక్కుపోతుంది. వానాకాలంలో పిల్లలకు మెత్తటి పడక కూడా కావాలి. నీళ్లు చేరని మూల చూసుకుని గోడ పక్కన తవ్వుతుంది. కాబట్టి నేల తవ్వించమను. ఎక్కడ తవ్వాలో బావకు వదిలేయి. ఆ పనిలో నాకంటే వాడే గట్టివాడు.

అంగూఠా సంగతి బావతో నేను ఎత్తను. నాకు ఇంగ్లీషు చదవడం రాదన్న సంగతి మాత్రం నువ్వు బావతో చెప్పు. తప్పకుండా చెప్పు.

మామ

—

పద్మనగర్, భివండి
1 డిసెంబరు 1997

మామా,

నీ ఉత్తరం శనివారం అందింది. అది చదివాకే నిన్న వెళ్లాను. ముందటి ఆదివారం నాకు జ్వరం వచ్చి ఆగిపోవడమే మంచిదైంది.

తలుపు తీసింది రమేశ్ సేఠే. నన్ను చూసి ఆఫీసు సంగతులు ఆఫీసులో అన్నాడు. లోపలి నుంచి ఎవరు వచ్చారని ఆగయ్య సేఠ్ అడిగాడు. అంకుశం బిడ్డనని గట్టిగా చెప్పాను. రానివ్వమన్నాడు.

ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. అంకుశం దొంగతనం చేసి పని వదిలాడని మాత్రమే ఆయనకు చెప్పారట. సర్వేయర్ వచ్చాడని గానీ, రిపోర్టు రాశాడని గానీ తెలియదు. నేను మొదటి నుంచి అన్నీ చెప్పాను. రమేశ్ సేఠ్ అడ్డుపడితే, పిల్లను చెప్పనివ్వు అన్నాడు. తర్వాత రిపోర్టు తెప్పించి, మనవరాలు సాక్షిని పిలిచి చదవమన్నాడు. ఆ అమ్మాయి కాలేజీలో చదువుతోంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. రిపోర్టు చదివింది. ఆ తర్వాత నువ్వు గీసిన కాగితం చదివింది. తెలుగు మాట దగ్గర ఆగి, కూడబలుక్కుని పలికి, అంటే ఏమిటని మరాఠీలో అడిగింది.

"పందికొక్కు మ్హణజే కాయ్, తాతా?"

"ఘూస్. మన ఊర్ల దాన్ని గట్లంటరు" అన్నాడు ఆగయ్య సేఠ్. కాగితం తీసుకుని ఆ ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి, మన మాట ఇక్కడుందా అని సాక్షిని రెండుసార్లు అడిగాడు.

"అంటే సర్వేయర్ రాసింది కరెక్టే కదా, పప్పా" అంది సాక్షి.

రమేశ్ సేఠ్ నువ్వు చెప్పినట్టే అన్నాడు. పేరు ఏదైతేనేం, సబూత్ ఏదన్నాడు. సబూత్ నేల కింద ఉంది, ఫర్షీ బండలు లేపించమన్నాను. లేపితే గోదాము పాడవుతుందన్నాడు. ఆగయ్య సేఠ్ కాళ్లు కిందికి దించి చెప్పులు వెతుక్కున్నాడు.

"ఆ ఫర్షీ నేను ఏపిచ్చిన. నేనే లేపిస్త. ఆటో పిలువు."

సాక్షి ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుని ఆటో ఎక్కించాం. రమేశ్ సేఠ్ కూడా వెనకే వచ్చాడు. బాపుకు కబురు పంపాం. మేం అంజూర్ ఫాటా చేరేసరికి బాపు గేటు బయట నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే కదల్లేదు. తనను రావద్దన్నవాళ్లే రమ్మనాలన్నాడు. అందరం రమేశ్ సేఠ్ వైపు చూశాం. ఆయన చేత్తో సైగ చేసి రా అన్నాడు.

బాపు ఒక ఇనుప కడ్డీ తీసుకుని గోడ పక్కనే నడుస్తూ ఒక్కో ఫర్షీని కొట్టుకుంటూ వెళ్లాడు. చెవులకు వినబడదు కదా, ఏం తెలుస్తుందని నాకు భయం వేసింది. చప్పుడు వినబడకపోయినా చేతికి తెలుస్తుందని తర్వాత చెప్పాడు. ఉత్తరం మూల దగ్గర ఆగి, ఇక్కడ అన్నాడు. ఇద్దరు హమాలీలు గడ్డపారలతో లేపారు. మొదటి ఫర్షీ కింద మట్టి. రెండో దాని కింద కూడా మట్టే. రమేశ్ సేఠ్ వాచీ చూసుకున్నాడు. బాపు మూడోది చూపించాడు.

అది లేవగానే పులిసిన గంజి వాసన కొట్టింది. కింద మనిషి పట్టేంత గుంత. దాన్నిండా చిలపలు. ఎర్రవి, పచ్చవి, పసుపువి, కొరికినవి కొన్ని, ముడి కూడా విప్పనివి కొన్ని. వాటి మధ్య వెంట్రుకలు కూడా మొలవని పిల్లలు. పిల్లి అంత పందికొక్కు ఒకటి బయటికి దూకి రమేశ్ సేఠ్ బూటు మీదుగా పరుగెత్తింది. గుంత నుంచి రెండు సొరంగాలు బోరాల కిందికి పోయి ఉన్నాయి.

ఆగయ్య సేఠ్ ఒక బోరా మీద కూలబడ్డాడు. "ఇది ఆస్ట్రేలియాదారా, రమేశ్?" అన్నాడు. కోపంగా అనలేదు.

తర్వాత బాపును రేపటి నుంచి పనిలోకి రమ్మన్నాడు. బాపు చేతులు జోడించి వద్దన్నాడు.

"పని ఏడన్న దొరుకుతది, సేఠ్. నాకు నా అంగూఠా కాయితం కావాలె."

ఆ కాగితం చౌకీలో ఉంది. అయితే అది తప్పని ఇంకో కాగితం రాసివ్వమన్నాడు బాపు. తనకు వినబడితే అర్థమయ్యే భాషలో, తెలుగులో ఉండాలన్నాడు. రమేశ్ సేఠ్ మరాఠీ బడిలో చదివాడు, ఆయనకు తెలుగు రాయడం రాదు. ఆగయ్య సేఠ్ చేతులు వణుకుతున్నాయి. ఆయన చెప్తుంటే గేటు రిజిస్టరులో ఒక తెల్ల కాగితం మీద నేను రాశాను. సరుకు పాడుచేసింది పందికొక్కులని, అంకుశం ఏ తప్పూ చేయలేదని, చదివి వినిపించకుండా అతనితో వేలిముద్ర వేయించామని, అందులో ఉన్నది అబద్ధమని రాశాను. రమేశ్ సేఠ్ దాన్ని తిప్పి చూశాడు.

"నువ్వేం రాసినవో నాకేం ఎరుక?"

"అందుకే చదువుత, ఇనుండ్రి. మా బాపుకు ఎవ్వరు గిట్ల చదివి ఇనిపియ్యలే."

మెల్లగా రెండుసార్లు చదివాను. ఆయన అంతా విని, అబద్ధం అన్న చోట పొరపాటు అని మార్చమన్నాడు. నేను బాపు వైపు చూసి, ఆ మాట చెవి దగ్గర గట్టిగా చెప్పాను. బాపు తల అడ్డంగా ఊపాడు. మార్చలేదు. రమేశ్ సేఠ్ సంతకం పెట్టాడు. కింద సాక్ష్యంగా ఆగయ్య సేఠ్ వంకర అక్షరాలతో తెలుగులో పేరు రాశాడు.

ఈ రోజు పొద్దున ఆ కాగితం చౌకీలో ఇచ్చి నకలు తీసుకున్నాం. ఇక రోజూ రావద్దన్నారు. బాపు ఇంటికి వచ్చి మధ్యాహ్నం దాకా పడుకున్నాడు. ఈ రెండు నెలల్లో పగలు పడుకోవడం ఇదే మొదటిసారి.

నీకు ఇంగ్లీషు చదవడం రాదన్న సంగతి బాపుతో చెప్పాను. "మరి అంత బొమ్మలెక్క ఎట్ల గీసిండే?" అని మాత్రం అడిగాడు.

లత

—

జమ్మికుంట
16 డిసెంబరు 1997

బిడ్డా లతా,

నీ ఉత్తరం నర్సింగం సార్‌కు చదివి వినిపించాను. తెలుగు కదా, అది నేనే చదివాను. పందికొక్కు బూటు మీదుగా దూకిన చోట సార్ మళ్లీ చదవమన్నాడు.

ఆ ముద్ర సంగతి లైబ్రేరియన్‌కు నేనే చెప్పాను. ఎవరో చెప్పేదాకా ఎందుకని. మందలించి, మెమో ఇచ్చాడు. తీసుకున్నాను. ఇంగ్లీషు రాదని కూడా చెప్పాను. తను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే అది తెలిసిందన్నాడు. ఇన్నేళ్లు నేను దాచానని అనుకున్నాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం లైబ్రరీ మూశాక సార్ దగ్గరికి పోతున్నాను. నాకు యాభై నాలుగేళ్లు. రిటైరయ్యేలోపు ఆ బీరువాలో ప్రతి పుస్తకం పేరు సొంతంగా చదవాలని ఉంది. నూట పన్నెండు పుస్తకాలున్నాయి. ఇప్పటికి తొమ్మిది చదివాను.

బావను పనిలోకి తొందరపడవద్దను.

మామ

—

పద్మనగర్, భివండి
2 మార్చి 1998

మామా,

చాలా రోజులుగా రాయలేదు. బాపు బాగున్నాడు. గోదాము సంగతి అంజూర్ ఫాటా అంతా తెలిసింది. ఇప్పుడు మిగతా గోదాముల వాళ్లు నేల చూడమని బాపును పిలుస్తున్నారు. కడ్డీ పట్టుకుని వెళ్తాడు, కలుగు ఎక్కడుందో చూపించి, పూడ్పించి వస్తాడు. రమేశ్ సేఠ్ మాతో మాట్లాడడు. ఆయనకు బీమా రాలేదు. సాక్షి రోడ్డు మీద కనబడితే ఆగి పలకరిస్తుంది.

ఇప్పుడు వేరే పని మీద రాస్తున్నాను.

పొద్దున మా కార్ఖానా మాలక్ ఒక ఇంగ్లీషు కాగితం తెచ్చి, కండెలు చుట్టే పద్నాలుగు మంది ఆడవాళ్లం సంతకాలు పెట్టాలన్నాడు. ఏముందంటే మామూలు రూల్స్ అన్నాడు. ఎప్పటిలాగే వరుసగా నిలబడ్డాం. అందరికంటే ముందు బుచ్చమ్మ పెద్దమ్మ ఉంది. సిరా అంటించుకున్న బొటనవేలు వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది.

"లత చదివినంక పెడుత" అంది.

వెనకున్నవాళ్లు కూడా వరుసలోంచి తప్పుకున్నారు. నేను కాగితం తీసుకుని మెల్లగా చదివాను. సగం అర్థమైంది. మిషన్‌లో చేయి పడితే, వేలు పోతే ఏం చేయాలన్న సంగతి అందులో ఉంది. కానీ అసలైన చోట ఒక మాట ఉంది, అది నాకు తెలియదు. నా చిన్న డిక్షనరీలో లేదు. మాలక్‌ను అడిగితే ముందు సంతకం పెట్టండి, తర్వాత చెప్తానన్నాడు. ముందు చెప్పమన్నాను. మిషన్లు ఆపించి, సంతకం పెట్టనివాళ్లు లోపలికి రావద్దన్నాడు.

పద్నాలుగు మందిమీ బయటికి వచ్చాం. కార్ఖానా ఎదురుగా మెట్ల మీద కూర్చున్నాం. ఈ ఉత్తరం ఇక్కడే, బుచ్చమ్మ పెద్దమ్మ టిఫిన్ డబ్బా మీద పెట్టుకుని రాస్తున్నాను. ఒకరిద్దరికి భయంగా ఉంది. ఇంటికి మాత్రం ఎవరూ వెళ్లలేదు.

ఆ మాట అక్షరాలు ఇవి. ఐ, ఎన్, డి, ఇ, ఎమ్, ఎన్, ఐ, ఎఫ్, వై. ముందు నువ్వు వెతుకు, తర్వాత సార్‌తో సరిచూపించు. ఉత్తరం వెళ్లడానికి ఐదు రోజులు, రావడానికి ఐదు రోజులు. పది రోజులు ఆగమని మాలక్‌కు చెప్పాం. ఆగనంటున్నాడు.

మేం ఇక్కడే కూర్చుంటాం.

లత